కంచె వెంట దీపాలు: కరెంటా, సోలారా, 12 వోల్టులా?

మా ఇల్లు ఒడిశాలోని పర్లాకిమిడి పొలిమేరలో ఉంది. ఇంటి వెనక పది సెంట్ల పెరడు. చుట్టూ సిమెంటు స్తంభాలు పాతి ముళ్ళతీగ లాగించాం. వంగ, బెండ, బీరపాదులు, ఓ మూల మల్లెలు ఉంటాయి. వానలు మొదలైతే పొలాల వైపు నుంచి పాములు వస్తాయి. చీకటి పడ్డాక అమ్మ అటు వెళ్తోందంటే నాకు టెన్షన్. అందుకే వెనక వైపు 100 అడుగుల కంచె వెంట దీపాలు పెట్టాం. మామూలు కరెంటు, సోలారు, 12 వోల్టులు మూడూ వాడి చూశాక చెబుతున్నాను.

మొదట పెట్టింది మామూలు 230 వోల్టుల బల్బులే. హోల్డర్లు, వైరు, ఎల్‌ఈడీ బల్బులు అన్నీ ఊళ్ళోనే చవగ్గా దొరికాయి. పనికి వచ్చినతను వైరును ముళ్ళతీగకే కట్టుకుంటూ పోయాడు. మేమూ అడ్డు చెప్పలేదు. ఆ వానాకాలంలో వైరు గాలికి ఊగి ఊగి, ఒకచోట ముల్లు దాని తొడుగులోకి దిగింది. కంచె మీద ఆరేసిన చీర తీయబోయిన అమ్మ "కంచె లాగేస్తోందిరా!" అని అరిచింది. కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉండబట్టి గండం గడిచింది. పరుగెత్తి మెయిన్ కట్టేశాను. ఒక్కచోట తగిలినా తీగ పొడవునా కరెంటు పారుతుంది. పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) మేకలు రోజూ ఆ కంచెకే ఒళ్ళు రుద్దుకుంటాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇనుప తీగ కంచె మీద 230 వోల్టుల వైరు ఎంత చవకైనా వద్దు. ఇటుకల ప్రహరీ అయితే సంగతి వేరు. పీవీసీ పైపులో, ఎర్తుతో కలిపి మూడు తీగలు లాగి, దుమ్ము, నీటి జల్లు లోపలికి పోవని తెలిపే ఐపీ65 గుర్తున్న ఫిట్టింగులు వాడితే ఆ దీపాలు బాగానే పనిచేస్తాయి. అక్కడా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. ఎంసీబీ ఉంది కదా అనుకుంటారు చాలామంది. లోడు ఎక్కువైతేనో, షార్టయితేనో పడిపోయేది ఎంసీబీ. మనిషి ఒంటి గుండా నేలలోకి పోయే కొద్దిపాటి కరెంటును అది గుర్తించలేదు. ఆ పని ఆర్‌సీసీబీది.

ఆ తర్వాత సోలారు దీపాలు కొన్నాం. వైరు లేదు, బిల్లు లేదు, స్తంభానికి రెండు స్క్రూలు బిగిస్తే పని అయిపోయింది. ఎండాకాలమంతా తెల్లవారే దాకా వెలిగాయి. శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టేసరికి రాత్రి తొమ్మిదికే ఆరిపోయేవి. దట్టంగా మబ్బు పట్టిన రోజున పలకకు మామూలు ఎండలో అందే దాంట్లో పావు వంతు కూడా అందదు మరి. పాముల భయం ఎక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. కొబ్బరి చెట్టు నీడ పడే చోట పెట్టిన రెండు దీపాలైతే ఎండాకాలంలోనూ సరిగా వెలగలేదు. వీధి దీపం వెలుతురు పడే చోట ఇంకో తంటా. ఇంకా పగలే అనుకుని అవి అసలు వెలగవు.

సోలారులో మనిషి వస్తేనే పెద్దగా వెలిగే సెన్సర్ రకం ఉంది. గేటు దగ్గరకు అది చాలా మంచిది. పాముల కోసమని మాత్రం కొనకండి. ఆ సెన్సర్ పట్టేది ఒంటి వేడి కదలికను. పాము ఒళ్ళు దాదాపు చుట్టూ ఉన్న నేలంత వేడిగానే ఉంటుంది కాబట్టి దానికి దొరకదు. మేక వస్తే వెలుగుతుంది, కుక్క వస్తే వెలుగుతుంది, పాము వస్తే వెలగదు. అసలు వెలుతురును చూసి పాము పారిపోదు కూడా. అది మన కంటికి కనబడేందుకే దీపం. అందుకని రాత్రంతా నిలకడగా ఉండే చిన్న వెలుగే మనకు కావాలి.

అలా 12 వోల్టులకు వచ్చాం, అంటే ఇంటి కరెంటును అడాప్టర్‌తో 12 వోల్టులకు తగ్గించి వెలిగించే దీపాలు. షాపుల బోర్డుల్లో అక్షరాల వెనక అంటించే మూడేసి ఎల్‌ఈడీల మాడ్యూళ్ళు దొరుకుతాయి. లోపలికి నీళ్ళు పోకుండా మూసి ఉంటాయి. ఒక్కొక్కటి 20, 30 రూపాయలకు కొన్నాను. ఒకటిన్నర వాట్లవి పది తీసుకుని, పదేసి అడుగులకు ఒకటి పెట్టాం. మొత్తం 15 వాట్లు. రాత్రికి 12 గంటలు వెలిగినా, అడాప్టర్‌లో పోయేది కలుపుకుని, నెలకు ఆరు యూనిట్లు. యూనిట్ 5 రూపాయలు అనుకున్నా 30 రూపాయలే. అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు రాగి వైరుకే అయింది. అక్కడ కక్కుర్తి పడొద్దు. 12 వోల్టుల్లో సన్న వైరు వాడితే చివరి దీపాలు గుడ్డిగా వెలుగుతాయి. మేము 1 చదరపు మిల్లీమీటరు వైరు తీసుకుని, కంచె మధ్యకు తెచ్చి, అక్కడి నుంచి రెండు పక్కలకూ చీల్చాం. ఈ చివరి దీపానికీ ఆ చివరి దీపానికీ తేడా కంటికి తెలియదు.

అడాప్టర్‌కు వచ్చేది 230 వోల్టులే కాబట్టి దాన్ని వసారాలో, జల్లు తగలని చోట పెట్టాలి. బీఐఎస్ గుర్తు చూసి కొనండి. బయటికి వెళ్ళే 12 వోల్టుల వైరుకు 3 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఈ వైరు ముల్లుకు తగిలినా మనిషికి షాక్ కొట్టదు. రెండు తీగలూ ఒకదానికొకటి తగిలి షార్టయితే మాత్రం వేడెక్కుతాయి, ఫ్యూజు అందుకోసం. అయినా ఈసారి వైరును కంచెకు కట్టలేదు. పైపులో వేసి స్తంభాల మొదట్లో నేలలో అడుగు లోతున పూడ్చాం.

రెండంగుళాల పీవీసీ పైపును జానెడు ముక్కలు కోసి, నిలువునా చీల్చి, ఒక్కో మాడ్యూల్‌కు గొడుగులా బిగించాం. నేలకు రెండడుగుల ఎత్తున, కిందికి చూసేలా. వాన నేరుగా పడదు, వెలుతురు కళ్ళలో కొట్టకుండా దారి మీదే పడుతుంది. తెల్ల లైటు వద్దు, పసుపు ఛాయది తీసుకోండి. దానికి పురుగులు తక్కువగా చేరతాయి. తొలకరిలో ఉసిళ్ళు రేగే రోజుల్లో ఆ తేడా బాగా తెలిసింది.

ఇంతా చెప్పి సోలారు దీపాలను పారేయలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. 12 వోల్టులైనా, 230 అయినా ఆ రోజుల్లో వెలగవు. గాలి తగ్గాక సోలారు దీపాలు విప్పి, పగలు ఎండలో పెట్టి, రాత్రి వంటింట్లో ఒకటి, మావుసీ ఇంట్లో ఒకటి వెలిగించుకున్నాం. ఇప్పుడు కంచెంతా 12 వోల్టులు, గేటుకూ బావి దగ్గరకూ సోలారు. వాటిని స్క్రూలతో కాకుండా చేత్తో విప్పే రెక్కల నట్లతో బిగించాను.