విండోస్ 10 గడువు అయిపోయింది: పాత కంప్యూటర్లకు ఏది మేలు?

అనంతపురం కమలానగర్‌లో నాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. మూడు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక లామినేషన్ మిషన్, ఒక వేలిముద్ర మిషన్. ప్రాజెక్ట్ రిపోర్టులు ప్రింట్ తీయించుకునే కాలేజీ పిల్లలు వస్తారు, ఆన్‌లైన్ దరఖాస్తుల కోసం పల్లెల నుంచి వస్తారు, సీజన్‌లో పెళ్లిపత్రికల పని ఉంటుంది. కంప్యూటర్లు మూడూ 2016లో కొన్నవి, ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లు. ఇన్నేళ్లలో ఫ్యాన్లు మార్చాను. కరెంటు హెచ్చుతగ్గులకు లోపల కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లు రెండు కాలిపోతే కొత్తవి వేయించాను. అంతకుమించి అవి నన్ను ఇబ్బంది పెట్టింది లేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. అప్పట్నుంచి ఎవరు వచ్చినా ఒకటే ప్రశ్న. "ఏమప్పా, నువ్వేం చేస్తాండావు? కొత్తవి కొంటావా?" షాపులవాళ్లు అడుగుతున్నారు, ఇంట్లో పిల్లల చదువుకు ఒక పాత ల్యాప్‌టాప్ పెట్టుకున్నవాళ్లు అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు నేను చూసిన దారులన్నీ ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. బాగా పనిచేస్తున్న మిషన్‌ను పక్కన పడేయమని ఇంకొకరు తేదీ పెట్టడం నాకు మింగుడుపడలేదు. కష్టపడి కొన్న వస్తువు అది. దాని మీద చివరి మాట నాదిగా ఉండాలనే పట్టుదలతోనే ఈ లెక్కలన్నీ వేశాను.

మొదటి దారి, ఏమీ చేయకుండా విండోస్ 10తోనే ఉండిపోవడం. గడువు అయిన మర్నాడు కంప్యూటర్ ఆగిపోదు. టైపింగ్, ప్రింటింగ్ అన్నీ జరుగుతాయి. ఆగేది సెక్యూరిటీ అప్‌డేట్లు. కొత్తగా ఏదైనా లోపం బయటపడితే దాన్ని పూడ్చేవాళ్లు ఉండరు. ఇంట్లో వాడేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది అదనపు గడువు ఇచ్చింది, 2026 అక్టోబర్ 13 దాకా. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, లేదంటే 30 డాలర్లు. సంస్థలకు లెక్క వేరు: ఒక్కో మిషన్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు, అదీ మూడేళ్ల వరకే. పదేళ్ల నాటి మిషన్ మీద అంత పెట్టడం నాకు సరిపడలేదు. ఇంట్లోవాళ్లకైతే ఆ ఉచిత ఏడాది తీసుకోమనే చెబుతాను, ఆలోచించుకోవడానికి టైమ్ దొరుకుతుంది. కానీ నా షాపులో రోజుకు ఎంతమంది ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ అవుతాయో నాకు తెలుసు. అప్‌డేట్లు లేని మిషన్‌లో వాళ్ల కాగితాలు పెట్టడం నావల్ల కాదు.

ఇక్కడే ఇంకో దారి గురించి కూడా చెప్పాలి, చాలా షాపుల్లో నడుస్తున్నది అదే కాబట్టి. క్రాక్. పెన్‌డ్రైవ్‌లో ఎవరో తెచ్చిన విండోస్, దానికో యాక్టివేటర్, అంటే డబ్బు కట్టకుండానే అసలైనదని నమ్మించే ప్రోగ్రామ్. ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఆపిన తర్వాత లోపలికి ఏం వచ్చిందో ఎవరికీ తెలియదు. నమ్మి కాగితాలు చేతికిచ్చే జనానికి అది ద్రోహం. దాన్ని నేను లెక్కలోకే తీసుకోను.

రెండో దారి విండోస్ 11. నా మిషన్లకు అది నేరుగా ఎక్కదు. ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపైన ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. ఈ చెకింగ్‌ను దాటేసి వేసే కిటుకులు ఉన్నాయి, మన దగ్గర కుర్రాళ్లు వేసిస్తున్నారు కూడా. అయితే అలాంటి మిషన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని కంపెనీ ముందే చెప్పేసింది. అలాంటప్పుడు విండోస్ 10తో ఉన్నదానికీ దీనికీ పెద్ద తేడా ఏముంది? కాబట్టి విండోస్ 11 అంటే కొత్త మిషన్ కొనడమే. మూడింటికీ కలిపి కొటేషన్ అడిగితే లక్షకు దగ్గరగా వచ్చింది. పేజీకి రెండు రూపాయల జిరాక్స్ మీద ఆ లక్ష తిరిగి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో మీరే లెక్క వేయండి.

కొత్త కంప్యూటర్ కొనేవాళ్లు మాత్రం ఈ ఒక్క విషయం శ్రద్ధగా చదవండి. విండోస్ 11 హోమ్ మామూలుగా సెటప్ చేయాలంటే ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ రెండూ కావాలి. మనలో చాలామంది బాక్స్ షాపులోనే విప్పించి, "నువ్వే అంతా వేసిచ్చేయప్పా" అంటాం. ఆ కుర్రాడు తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించిన ఏదో మెయిల్‌తోనో సెటప్ చేసి చేతిలో పెడతాడు. కొత్త మిషన్లలో ఆ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడు డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే దానికి తాళం పడుతుంది, తాళంచెవి లాంటి రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి వెళుతుంది. అప్పటికి ఏ ఇబ్బందీ కనపడదు. ఏడాదికో రెండేళ్లకో మదర్‌బోర్డు మార్చినప్పుడో, మిషన్‌ను లేపే బయాస్ అనే ప్రోగ్రామ్ అప్‌డేట్ అయినప్పుడో నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడుగుతుంది. ఆ మెయిల్ ఏదో మనకు తెలియదు, ఆ కుర్రాడు షాపు మారిపోయి ఉంటాడు. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ డిస్క్‌లోనే ఉంటాయి, తీయడానికి మాత్రం దారి ఉండదు. దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన ఏర్పాటే అది, చెడ్డదని అనను. కానీ తాళంచెవి ఎవరి పేరున ఉందో కొన్న రోజే చూసుకోండి. మీ మెయిల్‌తోనే సెటప్ చేయించి, ఆ 48 అంకెలూ ప్రింట్ తీసి బీరువాలో పెట్టుకోండి.

ఇలా అకౌంట్లకు ముడిపడిపోవడం మనలాంటి చిన్నవాళ్ల ఇబ్బందే అనుకోకండి. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు రాగానే నయారా ఎనర్జీ ఉద్యోగులకు మైక్రోసాఫ్ట్ వాళ్ల అవుట్‌లుక్ మెయిల్, టీమ్స్ ఆగిపోయాయి. గుజరాత్‌లోని వాడినార్‌లో రిఫైనరీ, దేశమంతటా పెట్రోల్ బంకులు ఉన్న కంపెనీ అది. డబ్బు కట్టి వాడుకుంటోంది. ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ వేసిన తర్వాత సేవలు తిరిగొచ్చాయి. అంత పెద్ద కంపెనీకి కోర్టుకు వెళ్లే శక్తి ఉంది. నాకు, మీకు?

మూడో దారి లినక్స్, విండోస్ స్థానంలో వేసుకునే ఇంకో సిస్టమ్. నేను వేసుకున్నది లినక్స్ మింట్, అందులో తేలికపాటిదైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంట్ అడగదు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూశాను. అలా నడిపితే హార్డ్‌డిస్క్‌లో ఉన్నది చెక్కుచెదరదు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే చాలు. ప్రింటర్, వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే డిస్క్‌లో ఎక్కించాను. పనిలో పనిగా పాత హార్డ్‌డిస్క్ తీసేసి, దానికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ వేయించాను. ముందు షట్టర్ ఎత్తి, స్విచ్ వేసి, టీ తాగి వచ్చేదాకా మిషన్ లేచేది కాదు. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చునే లోపల లేస్తోంది.

తెలుగు టైపింగ్ గురించి నాకు పెద్ద టెన్షన్ ఉండేది. ఇరవై ఏళ్లుగా ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌కు అలవాటుపడ్డ వేళ్లు ఇవి. ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లో ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్ లేఅవుట్ కూడా దొరికింది. మండలి, రామరాజ, పెద్దన, తిమ్మన, ధూర్జటి లాంటి యూనికోడ్ (ఏ మిషన్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. పేజీలు పేర్చడానికి స్క్రైబస్ ఉంది. ఒకప్పుడు దానిలో తెలుగు ఒత్తులు చెల్లాచెదురయ్యేవి, 2024లో వచ్చిన 1.6 వెర్షన్‌లో సరిగ్గా కూర్చుంటున్నాయి.

ఇబ్బందులు కూడా దాచకుండా చెప్పాలి. నా దగ్గర 12ఏ కార్ట్‌రిడ్జ్ వేసే పాత లేజర్ ప్రింటర్ ఉంది, దానికి లినక్స్‌లో డ్రైవర్ కుదరడానికి రెండు సాయంత్రాలు పట్టింది. వేలిముద్ర మిషన్‌కు కావాల్సిన ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ నాకు విండోస్‌కే దొరికింది. కాలేజీ పిల్లలు తెచ్చే వర్డ్ ఫైళ్లు ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంటాయి. టైమ్స్ న్యూ రోమన్ లేకపోయినా దాని కొలతలతోనే ఉండే లిబరేషన్ సెరిఫ్ దాని స్థానంలోకి వస్తుంది కాబట్టి వాక్యాలు పెద్దగా జరగవు. టేబుళ్లు, ఈక్వేషన్లు మాత్రం జరుగుతాయి. అందుకే "పీడీఎఫ్ చేసి తీసుకురా నాయనా" అని గోడ మీద కాగితం అంటించాను. ఫ్లెక్సీలు ఫోటోషాప్‌లో చేసేవాళ్లకు దాని బదులు లినక్స్‌లో వాడే గింప్ అలవాటు కావడం కష్టం. నెల రోజులు చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

ప్రింటర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. నా రెండో ప్రింటర్ కొత్తది. ఒకరోజు అప్‌డేట్ తీసుకుని, అప్పటిదాకా బాగా ముద్రించిన బయటి కార్ట్‌రిడ్జ్‌ను ఒప్పుకోను అంది. ఇంకు నిండుగా ఉంది, హెడ్ బాగుంది. లోపలి చిప్ ప్రింటర్ కంపెనీది కాదట. పరీక్షలకు అప్లికేషన్ల చివరి రోజు అది, షాపులో పదిహేను మంది నిలబడి ఉన్నారు. పాత లేజర్ మీదే రాత్రి పదిన్నర దాకా లాగాను. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్‌కు కూడా ప్రింటర్ దగ్గరే కడుపు మండింది. 1980 ప్రాంతంలో ల్యాబ్‌కు వచ్చిన లేజర్ ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ను బాగుచేసుకుందామంటే దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, ఇవ్వలేదు. 1983లో ఆయన ఎవరైనా మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ అనుభవం ఉంది. నేను ఈ రోజు వాడుతున్న లినక్స్‌లో చాలా సరుకు అక్కడి నుంచి వచ్చిందే.

ఇంతకీ నేనేం చేశానంటే, రెండు మిషన్లలో మింట్ వేశాను. జిరాక్స్, స్కానింగ్, ఆన్‌లైన్ దరఖాస్తులు, తెలుగు కంపోజింగ్ వాటి మీదే. మూడోదాన్ని నెట్ తీసేసి విండోస్ 10తోనే ఉంచాను, పాత డిజైన్లు తెరవడానికి. వేలిముద్ర పనికి సెకండ్ హ్యాండ్‌లో ఎనిమిదో తరం ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను, విండోస్ 11తో. లక్ష అనుకున్నది పాతిక వేల లోపల తేలింది.

అందరికీ ఇదే మేలని చెప్పను. ట్యాలీ మీద బతికే అకౌంటెంట్లు విండోస్‌లోనే ఉండండి, డబ్బు పెట్టి అసలైనదే కొనుక్కోండి. ఇంట్లో బ్రౌజర్, వీడియోలు, పిల్లల చదువు వరకే అయితే మింట్‌ను మించినది లేదు. కేరళ ప్రభుత్వ స్కూళ్లలో ఏళ్లుగా లినక్స్ మీదే పిల్లలు కంప్యూటర్ నేర్చుకుంటున్నారు, మన పిల్లలకేం తక్కువ? ఫ్లెక్సీ, ఫొటో పని చేసేవాళ్లు తొందరపడొద్దు. కొత్త ఉద్యోగాలకు వెళ్లే పిల్లలు రెండూ నేర్చుకోవాలి.

అయితే ఏ సిస్టమ్ అనేదానికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఫైళ్ల సంగతి. మొన్న వేసవిలో రిటైరైన తెలుగు అయ్యవారు ఒకాయన ఒక సీడీ తెచ్చారు. వాళ్ల ఊరి దేవుడి మీద ఆయన రాసుకున్న పద్యాలు, 2006లో నేనే కంపోజ్ చేసినవి. "ఇంకో యాభై పుస్తకాలు వేయించు నాయనా, మనవడి పెళ్లిలో పంచుతా" అన్నారు. అది పేజ్‌మేకర్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలు. ఆ సాఫ్ట్‌వేర్ 7వ వెర్షన్ తర్వాత ముందుకు రాలేదు. తర్వాతి సాఫ్ట్‌వేర్లు నెలనెలా అద్దెకట్టే రకంగా మారాయి. నేను కొన్నాళ్లు అద్దె కట్టిన ఒకదానిలో ఆ ఫైలు తెరుచుకోలేదు. నెట్ తీసేసిన పాత మిషన్‌లో సీడీ డ్రైవ్ పాడైంది, పేజ్‌మేకర్ ఇన్‌స్టలేషన్ కూడా దెబ్బతిని ఉంది.

చివరికి ఆ ఫైలు తెరిచింది లిబ్రెఆఫీస్ డ్రా. 2015 నుంచే దానిలో పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచే ఏర్పాటు ఉందని నాకు అప్పుడే తెలిసింది. పేజీలు వచ్చాయి, అంచున పూల బోర్డర్ వచ్చింది, పద్యం ఉండాల్సిన చోట మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, డాలర్ గుర్తులు, ఆశ్చర్యార్థకాలు. అయ్యవారు కళ్లద్దాలు సవరించుకుని, "ఇదేంది, నా పద్యం ఏమైంది?" అన్నారు. యూనికోడ్ రాకముందు పద్ధతి అది. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి ఫాంట్లు చేశారు. ఫాంట్ ఉంటే తెలుగు, లేకపోతే గందరగోళం. ఆ టెక్స్ట్‌ను కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చాను. చాలావరకు సరిగ్గానే వచ్చింది, క్లిష్టమైన సంయుక్తాక్షరాలు మాత్రం దెబ్బతిన్నాయి. మూడు సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని గట్టిగా చదువుతుంటే నేను ఒక్కో ఒత్తూ సరిచేశాను. ఎక్కడైనా గణం తప్పితే ఆయన గొంతు అక్కడ ఆగిపోయేది, స్క్రీన్ చూడాల్సిన పని లేకుండానే తప్పు దొరికేది.

పుస్తకాలతో పాటు యూనికోడ్ ఫైలును ఆయన ఫోన్‌కు కూడా పంపాను. అక్కడే తెరిచి, మొదటి పద్యం తెలుగులోనే కనిపిస్తే రెండుసార్లు పైకీ కిందికీ జరిపి చూసుకున్నారు. అప్పటినుంచి షాపులో ఉన్న పాత సీడీలన్నీ సాయంత్రం పూట అలాగే మారుస్తున్నాను. 2011 నాటి సీడీల దాకా వచ్చాను.