జాంజిబార్ ఇసుక తిన్నె మీద పౌర్ణమి డిన్నర్ కొంటున్నారా? అడ్వాన్స్ కట్టకండి

దార్ ఎస్ సలామ్‌లో ఉంటున్న మనవాళ్లకూ, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో హనీమూన్‌కి టాంజానియాలోని జాంజిబార్ దీవికి టికెట్లు తీసుకున్న కొత్త జంటలకూ ఈ హెచ్చరిక. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్యాకేజీ తిరుగుతోంది. సముద్రం మధ్యలో తెల్లటి ఇసుక తిన్నె, దాని మీద ఇద్దరికే ఒక టేబుల్, చుట్టూ లాంతర్లు, ఒకవైపు పొద్దు వాలుతుంటే ఇంకోవైపు నిండు చంద్రుడు. ఆ తిన్నె పేరు నకుపెండా. పెళ్లిరోజుకి మా దగ్గరికి వచ్చిన చెల్లికీ మరిదికీ కానుకగా ఇస్తే బాగుంటుందని బుక్ చేశాను. ఇద్దరికీ కలిపి 380 డాలర్లు, సగానికి పైగా ఎంపెసాలో (ఫోన్ నుంచి డబ్బు పంపే సేవ) ముందే పంపమన్నారు. తీరా చూస్తే అది అసలు జరగడానికి వీల్లేని కార్యక్రమం. అమ్మినవాళ్లకి ఆ సంగతి తెలుసు.

ఎందుకు వీల్లేదో కాస్త వివరంగా చెబుతాను, డబ్బు కట్టేముందు మీరే సరిచూసుకోవచ్చు. నకుపెండా దీవి కాదు. జాంజిబార్ పాతపట్నం స్టోన్ టౌన్ నుంచి పడవ మీద అరగంట లోపు దూరంలో, అందరూ ప్రిజన్ ఐలాండ్ అనే చాంగూ దీవికి దగ్గర్లో ఉన్న ఇసుక మేట. ఆటుకి తేలుతుంది, పోటుకి మునుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దదని మన కోనసీమ, బందరు వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. జాంజిబార్‌లో ఆ తిథుల్లో పోటు నిండేది సాయంత్రం నాలుగు, నాలుగున్నర ప్రాంతంలో. మళ్లీ నీళ్లు బాగా తీసేసరికి రాత్రి పదవుతుంది. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి అక్కడ ఏ నెలలోనైనా పొద్దుగూకేది ఆరున్నరకి కాస్త అటూ ఇటూ. అంటే పౌర్ణమి నాడు సూర్యాస్తమయం వేళకి టేబుల్ వేయాల్సిన ఇసుక నీళ్ల కింద ఉంటుంది. అష్టమి ప్రాంతంలో ఆటు సాయంత్రం వైపుకి జరుగుతుంది గానీ, ఆ రోజుల్లో నీరు అంతగా తగ్గదు. అందుకే పద్ధతిగా నడిపేవాళ్లు జనాన్ని పొద్దున తీసుకెళ్లి మధ్యాహ్నం దాటాక వెనక్కి తెచ్చేస్తారు. ఆ ప్రకటనల్లోని ఫోటోలు పెద్దవి చేసి మనుషుల నీడలు చూడండి. పొట్టిగా ఉంటాయి. అవి నడిమధ్యాహ్నం తీసినవి.

మావాళ్లని ఫొరొధాని గార్డెన్స్ దగ్గర రేవులో ఐదింటికి ఎక్కించుకున్నారు. ఒకే ఇంజను ఉన్న చెక్క పడవ. మా చెల్లి లైఫ్ జాకెట్ అడిగితే బల్ల కింద నుంచి ఒకటి తీసి ఇచ్చారట, దానికి బకిల్ లేదు. రెండోది లేనే లేదు. అక్కడికి వెళ్తే తిన్నె లేదు, మోకాలి పైదాకా నీళ్లు. ఇప్పుడు తగ్గుతుంది, ఇప్పుడు తగ్గుతుందంటూ చీకటి పడేదాకా పడవలోనే కూర్చోబెట్టారు. చివరికి ఊరికి దక్షిణంగా పాత పడవలు బాగుచేసే ఒడ్డున ఒక ప్లాస్టిక్ టేబుల్ వేసి, రెండు కొవ్వొత్తులు పెట్టి, ఇదే డిన్నర్ అన్నారు. మా మరిది చేప కూడా ముట్టరని బుకింగ్‌లోనే రాశాను. అన్నంలో ఆక్టోపస్ ముక్కలు వచ్చాయి. పడవ ఆగినందుకంటూ ఇంకో 60 డాలర్లు తీసుకున్నాకే ఫొరొధాని దగ్గర దించారు. వెలుతురు లేని నీటి మీద, ఈత రాని ఇద్దరిని అలా తిప్పారన్నది తలుచుకుంటే నాకు డబ్బు సంగతి గుర్తుకే రాదు.

మర్నాడు ఫోన్ చేస్తే, "సముద్రం మా చేతుల్లో ఉంటుందా మేడం" అన్నారు. ఉండదు. కానీ ఆటుపోట్ల పట్టిక ఏడాది ముందే దొరుకుతుంది, ఆ రేవులో పడవ నడిపేవాళ్లందరికీ అది కంఠతా వచ్చు. ఇది దురదృష్టం కాదు, మోసం.

ఇంకో సంగతి. 2024 అక్టోబర్ 1 నుంచి జాంజిబార్ వచ్చే విదేశీ పర్యాటకులు అక్కడి ప్రభుత్వ బీమా తీసుకోవడం తప్పనిసరి, పెద్దవాళ్లకి తలా 44 డాలర్లు. అది కూడా మేమే చూసుకుంటామని మా దగ్గర విడిగా తీసుకున్నారు. ఎయిర్‌పోర్టులో పాలసీ లేదు, మావాళ్లు మళ్లీ కట్టారు. బీమాని ప్రభుత్వ సైటులో మీరే కొనుక్కోండి, ఏ ప్యాకేజీలోనూ కలపనివ్వకండి.

అదే పేజీలో పాజే బీచ్ దగ్గర "సముద్రంలో సూర్యాస్తమయం" అని ఇంకొకటి అమ్ముతున్నారు. పాజే, జంబియాని, మతెంవే అన్నీ తూర్పు తీరం. అక్కడ సముద్రంలోంచి సూర్యుడు ఉదయిస్తాడు, సాయంత్రం మీ వీపు వెనక కొబ్బరిచెట్లలోకి దిగుతాడు. పైగా ఆటు వేళకి నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి, ఆడవాళ్లు సముద్రపు నాచు సాగు చేసే మడులు బయటపడతాయి. ఉదయం పూట ఇద్దరూ నడవడానికి అంత అందమైన చోటు నేను చూడలేదు. నీళ్లలో పొద్దు వాలడం చూడాలంటే మాత్రం ఉత్తరాన కెండ్వా, నుంగ్వి వెళ్లండి, అక్కడ ఆటుకి కూడా ఈత కొట్టేంత నీరుంటుంది. తూర్పు వైపే బస అయితే మిచాంవి కొనలో పడమటికి తిరిగి ఉన్న కాయే తీరం ఉంది. ఏ ప్యాకేజీ అక్కర్లేదు, మీరే వెళ్లి కూర్చోవచ్చు. నకుపెండా మీద మనసుంటే పొద్దున ఆటుకి పదిమందితో కలిసి వెళ్లండి. స్టోన్ టౌన్‌లోనూ పల్లెల్లోనూ భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, నలుగురిలో ముద్దులూ కౌగిలింతలూ వద్దు. ఈ మాట ఏ హనీమూన్ ప్రకటనలోనూ ఉండదు.

జాంబియా వెళ్లేవాళ్లు కూడా చూసుకోండి. విక్టోరియా జలపాతం అంచున ఉన్న నీటి గుంట డెవిల్స్ పూల్‌లో దిగేది జాంబెజి నది తగ్గినప్పుడే, సుమారు ఆగస్టు మధ్య నుంచి జనవరి మధ్య వరకు. ఏప్రిల్‌కి బుకింగ్ ఇస్తామంటే నమ్మకండి.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు ఈరోజే వాట్సాప్‌లో మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఆ తేదీన ఆటు ఎన్ని గంటలకి, పడవ ఎన్నింటికి బయలుదేరుతుంది, జాంజిబార్ కమిషన్ ఫర్ టూరిజం లైసెన్స్ నంబరు ఎంత. ఎంపెసాలో పంపేటప్పుడు వచ్చిన పేరు కంపెనీదా, ఎవరో మనిషిదా చూసి స్క్రీన్‌షాట్ దాచుకోండి. కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. పౌర్ణమికో అమావాస్యకో బుక్ చేసి, పడవ సాయంత్రమని జవాబొస్తే మిగతా డబ్బు పంపకండి, ఆ పడవ ఎక్కకండి.