రెండు హుక్కుల ఫుల్ బాడీ హార్నెస్: బెల్టు బాగుంది, మరి దేనికి తగిలిస్తారు?

ఎత్తులో పనిచేసేవాళ్లకు సైట్లలో మామూలుగా ఇచ్చే సెట్టు ఇది. వీపు మీద డీ-రింగ్ (కొక్కెం తగిలించే లోహపు రింగు) ఉన్న ఫుల్ బాడీ హార్నెస్, అంటే ఒళ్లంతా పట్టీలతో పట్టి ఉంచే బెల్టు, దానికి తగిలించిన షాక్ అబ్సార్బర్, అక్కణ్ణుంచి రెండు పాయలుగా చీలిన లాన్యార్డ్ (తాడు), ఒక్కో కొసకు ఒక పెద్ద స్కాఫోల్డ్ హుక్. ఏ కంపెనీది తీసుకున్నా అమరిక ఇంచుమించు ఇంతే. వస్తువుగా దీనికి మంచి మార్కులే పడతాయి. చిక్కంతా వాడకంలో ఉంది. మనిషికొక బెల్టు పంచి, రిజిస్టర్లో సంతకం పెట్టించుకుంటే తమ బాధ్యత తీరిపోయిందని చాలామంది కాంట్రాక్టర్లు అనుకుంటారు. తీరదు. పడిపోయే మనిషిని ఈ బెల్టు కాపాడాలంటే కావలసినవాటిలో సగం పెట్టెలో రావు, వాటిని సమకూర్చాల్సింది యజమానే.

ముందు లేబుల్ చూడండి. యూరప్ ప్రమాణాల ప్రకారం హార్నెస్‌కు ఈఎన్ 361, షాక్ అబ్సార్బర్‌కు ఈఎన్ 355, లాన్యార్డ్‌కు ఈఎన్ 354, హుక్కులకు ఈఎన్ 362. హార్నెస్ మీద మాత్రమే నంబరు ఉండి అబ్సార్బర్ మీద ఏమీ లేకపోతే ఆ సెట్టు తీసుకోవద్దు. సీరియల్ నంబరు, తయారైన సంవత్సరం చెరగకుండా కనబడాలి, ఎందుకంటే తర్వాత చేసే తనిఖీలన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి. పడిపోతే ఆపే రింగుల పక్కన ఇంగ్లీషు 'ఏ' అక్షరం ఉంటుంది. 'ఏ/2' అని ఉంటే అలాంటివి రెండూ కలిపి తగిలించాలి, ఒక్కటి చాలదు. నడుము పక్కల ఉండే రింగులు స్తంభానికి ఆనుకుని పనిచేయడానికే తప్ప పడిపోతే ఆపడానికి కాదు. సైట్లలో తరచూ జరిగే పొరపాటు ఇదే.

వేసుకోవడం తేలికే. తొడ పట్టీల కింద అరచేయి చాపి పెడితే దూరాలి, పిడికిలి దూరకూడదు. ఛాతీ పట్టీ రొమ్ము మధ్యలో ఉండాలి, పైకి జరిగితే పడినప్పుడు గొంతుకు పడుతుంది. వీపు మీది రింగు రెండు భుజాల ఎముకల మధ్య నిలవాలి. చౌక సెట్లలో పట్టీలు సర్దే బకిల్స్ పని మధ్యలో వదులవుతాయి, మధ్యాహ్నానికి రింగు నడుము దాకా జారుతుంది. కొనేముందు ఒక మనిషికి తొడిగి, పది నిమిషాలు వంగి లేచి పనిచేయించి చూస్తే ఈ లోపం తేలిపోతుంది.

ఈ సెట్టులో అసలు పనిమంతురాలు షాక్ అబ్సార్బర్. మనిషి పడగానే దాని కుట్లు వరసగా తెగుతూ, మడత విప్పుకుంటూ, ఒంటి మీద పడే బలాన్ని 6 కిలోన్యూటన్లకు (సుమారు 600 కిలోల బరువు వేసేంత బలానికి) మించనివ్వదు. అలా సాగడానికి దానికి చోటు కావాలి. అబ్సార్బర్‌తో కలిపి లాన్యార్డ్ 2 మీటర్లు, అబ్సార్బర్ సాగేది 1.75 మీటర్ల వరకు, రింగు నుంచి పాదాల దాకా సుమారు 1.5 మీటర్లు, భద్రత కోసం ఇంకో మీటరు అదనం. మొత్తం 6.25 మీటర్లు, హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి. అంటే 4 మీటర్ల పరంజా మీద నిలబడి కాళ్ల దగ్గరి పైపుకు హుక్కు వేసుకున్న మనిషిని తాడు ఆపేలోగా నేల తగులుతుంది. బెల్టు ఉంది, హుక్కు వేశాడు, అయినా ప్రాణానికి భరోసా లేదు. హుక్కు ఎప్పుడూ తలకు పైన వేయాలన్నది ఇందుకే. ఎత్తు తక్కువైన చోట ఈ సెట్టు వద్దు. అంచు దాకా పోనివ్వని పొట్టి తాడో, పడగానే బిగుసుకునే రీలో వాడాలి. ఈ లెక్క కట్టాల్సింది పని అప్పగించేవాళ్లు, పరంజా ఎక్కే మనిషి కాదు.

రెండు హుక్కులు ఇచ్చింది ఒకటి తీసేముందు రెండోది వేసుకుంటూ కదలడానికి. అప్పుడు ఏ క్షణంలోనూ మనిషి హుక్కు లేకుండా ఉండడు. వాడని హుక్కును మాత్రం హార్నెస్ గట్టి రింగుకు తగిలించకూడదు. అలా చేస్తే ఆ పాయ అబ్సార్బర్‌ను పూర్తిగా విప్పుకోనివ్వదు, దెబ్బంతా ఒంటికి తగులుతుంది. మంచి సెట్లలో భుజం పట్టీ మీద ఇందుకోసమే, లాగితే ఊడిపోయే ప్లాస్టిక్ లూప్ ఉంటుంది. అది లేని సెట్టుకు మార్కులు తగ్గించాల్సిందే. ఖర్చు తగ్గించుకోవాలని అబ్సార్బర్ ఉన్న రెండు ఒంటిపాయ లాన్యార్డులను ఒకే రింగుకు వేయడం కూడా పనికిరాదు. రెండూ ఒకేసారి లాగితే బలం రెట్టింపవుతుంది.

ఇక పెట్టెలో రానివి. మొదటిది యాంకర్, అంటే హుక్కు తగిలించే గట్టి ఆధారం. ఒక మనిషికి కనీసం 12 కిలోన్యూటన్లు తట్టుకోవాలని ఈఎన్ 795 పరీక్ష. కరెంటు పైపు, కేబుల్ ట్రే, బిగించని రెయిలింగు, ఇంకా సిమెంటు ఆరని గోడలో దిగ్గొట్టిన బోల్టు యాంకర్లు కావు. అసలు బెల్టు ఆలోచనకు ముందే పనిని నేల మీద చేయవచ్చేమో, అంచుకు రెయిలింగు కట్టవచ్చేమో చూడాలి. బెల్టు చివరి మార్గం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒడంబడిక ఇందులో ఎవరి వంతు ఏమిటో తేటగా చెబుతుంది. అవసరమైన చోట రక్షణ పరికరాలు యజమాని ఇవ్వాలి, భద్రతా చర్యల ఖర్చు కార్మికుడి మీద పడకూడదు, ఒకే చోట పలు సంస్థలు పనిచేస్తుంటే అవి కలిసి నడవాలి. 2022లో ఈ ఒడంబడికను ప్రాథమిక ఒడంబడికల్లో చేర్చారు. బెల్టు డబ్బును కూలిలో కోయడం ఏ రకంగా చూసినా తప్పే.

రెండోది రక్షించే ఏర్పాటు. పడి ఆగిన మనిషి కదలకుండా వేలాడుతుంటే రక్తం కాళ్లలో నిలిచిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అగ్నిమాపక బండి వచ్చేదాకా ఆగే పని కాదు. నిచ్చెనో, దించే తాడో, లిఫ్టో పని మొదలుకాకముందే సైట్లో సిద్ధంగా ఉండాలి, ఎవరు దించాలో పేర్లు రాసి ఉండాలి, ఒకసారి చేసి చూసి ఉండాలి. అత్యవసర ఏర్పాట్లు, ప్రథమ చికిత్స యజమాని పనేనని అదే ఒడంబడికలో ఉంది. కాళ్లు ఆనించి నిలబడడానికి లూప్‌లు ఉన్న హార్నెస్ దొరికితే అదే తీసుకోండి.

కార్మికుడి బాధ్యత చిన్నదేం కాదు. రోజూ వేసుకునేముందు పట్టీని వేళ్ల మధ్య వంచుతూ కొస నుంచి కొస దాకా చూడాలి. కోత, నిప్పురవ్వ పడి గట్టిపడిన చోటు, రంగు వెలిసి పొడిబారిన దారం, తెగిన కుట్టు, అబ్సార్బర్ కవరు చిరుగు, దానంతటది మూసుకోని హుక్కు గేటు, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఎక్కకుండా బెల్టు తిరిగి ఇచ్చేసి సూపర్‌వైజర్‌కు చెప్పాలి. యాంకర్ కదులుతున్నా అంతే. తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి చెప్పిన మనిషిని, దాన్ని సరిచేసేదాకా మళ్లీ ఆ పనికి పొమ్మని యజమాని అనకూడదు. చెప్పినందుకు శిక్షించనూ కూడదు. ఇక యూరోపియన్ సమాజం (ఇప్పటి యూరోపియన్ యూనియన్) 1989లో తెచ్చిన 89/391 ఆదేశంలో, కార్మికుడి విధులు యజమాని బాధ్యతను తగ్గించవని విడిగా రాశారు. 'అతనే హుక్కు వేసుకోలేదు' అనే సాకును దృష్టిలో పెట్టుకుని చదవాల్సిన వాక్యం అది.

రోజూ చూసుకోవడంతో పాటు, ఏడాదికి ఒకసారైనా అర్హుడైన మనిషి సీరియల్ నంబరు వేసి తనిఖీ రాయాలి. ఒకసారి పడినప్పుడు ఆపిన సెట్టు వెంటనే పక్కకు పోవాలి, విప్పుకున్న అబ్సార్బర్‌ను మళ్లీ మడిచి వాడటం ఉండదు. మురికైతే గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు, నీడలో ఆరబెట్టడం చాలు. పట్టీ మీద మార్కర్‌తో పేర్లు రాయవద్దు, సిరాలోని ద్రావకం దారాన్ని తినవచ్చు.

బరువు 100 కిలోలు దాటే మనిషికి, లేదా పనిముట్లతో కలిపి దాటేవాళ్లకు, 140 కిలోలకు పరీక్షించిన అబ్సార్బర్ ఉన్నదే ఆర్డర్ పెట్టాలి. వెల్డింగు చేసేవాళ్లకు ఈ మామూలు పాలిస్టర్ సెట్టు వద్దు, వేడికి తట్టుకునే అరమిడ్ పట్టీలది కావాలి. పదునైన కాంక్రీటు అంచు, ఉక్కు రేకు మీదుగా తాడు పోయే చోట, అంచుల మీద పరీక్షించినట్టు లేబుల్ ఉన్న లాన్యార్డే తీసుకోవాలి.