కొత్త లాప్‌టాప్: షాపులో డబ్బులిచ్చి సెటప్ చేయించుకోవాలా, మనమే చేసుకోవాలా?

షాపువాళ్ళు సెటప్ అని డబ్బులు తీసుకుని చేసేదాంట్లో చాలావరకు విండోస్ 11 దానంతటదే అడిగి చేయించే పనే, భాష, కీబోర్డు, వైఫై, మైక్రోసాఫ్ట్ అకౌంటు, పిన్ ఇచ్చి తర్వాత అప్‌డేట్లు అయ్యేదాకా ఆగడం, అంతే. యాంటీవైరస్ కూడా వేస్తాం అంటారు గానీ విండోస్‌లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందే ఉంటుంది, మామూలు వాడకానికి అది చాలు.

మనమే చేసుకుంటే ఓ పూట పోతుంది, నిజమే, కానీ పాస్‌వర్డ్ మన దగ్గరే ఉంటుంది. నాకు అసలు భయం ఇక్కడే. చాలా కొత్త లాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (ఫైళ్ళు వేరేవాళ్ళు చదవకుండా డిస్క్‌కి వేసే తాళం) దానంతటదే ఆన్ అయ్యి, ముందు ఏ మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సైనిన్ అయితే ఆ అకౌంటులోకే రికవరీ కీ, అంటే ఆ తాళం తీసే నంబరు, వెళ్ళిపోతుంది. షాపులో ఎవరో అప్పటికప్పుడు ఏదో మెయిల్ క్రియేట్ చేసి పెట్టారనుకోండి, రేపు నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడిగితే ఎక్కడ వెతుకుతారు? ఫైళ్ళన్నీ పోయినట్టే.

పాత సిస్టమ్ నుంచి డేటా మార్చడం, అందులోనూ పాత హార్డ్ డిస్క్ మొరాయిస్తుంటే మాత్రం, ఇచ్చేయండి, అది తెలిసినవాళ్ళ పని. పెద్దవాళ్ళకి సాయం చేసేవాళ్ళు దగ్గర్లో లేకపోయినా అంతే. కానీ అకౌంటు మాత్రం లాప్‌టాప్ ఎవరిదో వాళ్ళ సొంత మెయిల్‌తోనే, వాళ్ళ ముందే చేయించండి.