అమెరికా స్వాతంత్ర్య యుద్ధంపై పిల్లల బోధన పెట్టె: కొన్నేళ్లు వాడిన తర్వాత

పదేళ్లు దాటిన పిల్లలకు అమెరికా స్వాతంత్ర్య యుద్ధ చరిత్ర చెప్పడానికి కొన్నేళ్లుగా నేను వాడుతున్న ఈ పెట్టెలో గోడకు తగిలించే పెద్ద పటం, కాలరేఖ, నిర్ణయాల కార్డులు ఉన్నాయి. కార్డుల కోసమే పెట్టె మొత్తం కొన్నా నష్టం లేదని నా అభిప్రాయం.

ప్రతి కార్డు ముందువైపున అప్పటి పరిస్థితి, వెనుకవైపున జరిగినది ఉంటాయి. 1776 డిసెంబరు 25 నాటి కార్డునే తీసుకుంటే, అమెరికన్ల సేనాని వాషింగ్టన్ సైన్యం న్యూయార్క్‌ను పోగొట్టుకుని డెలావేర్ నది దాటి వెనక్కి వచ్చేసింది, చాలామంది సైనికుల కొలువు గడువు నెలాఖరుతో తీరిపోతోంది, నదిలో మంచుగడ్డలు కొట్టుకొస్తున్నాయి, ఆవలి ఒడ్డున ట్రెంటన్‌లో బ్రిటన్ తరఫున పోరాడే జర్మన్ దళాలున్నాయి. నది దాటాలా, వద్దా? ఫిరంగులను పడవల్లోకి ఎలా ఎక్కిస్తారని ఒకరు, గడువు తీరినవాళ్లు ఇంటికి వెళ్తే తప్పేమిటని మరొకరు వాదనకు దిగుతారు. దాదాపు 2,400 మంది 18 ఫిరంగులతో దాటారనీ, దాటవలసిన మరో రెండు దళాలు ఆ రాత్రి దాటలేకపోయాయనీ వెనుకవైపు చదివాక, గెలుపు ముందే రాసిపెట్టి ఉన్నది కాదని వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

పటం కూడా బాగా పనికొస్తుంది. అమెరికాలోని లెక్సింగ్టన్‌లో 1775 ఏప్రిల్ 19న యుద్ధానికి నాంది పలికిన కాల్పుల వార్త లండన్ చేరేసరికి మే నెలాఖరైందని చెప్పి, సముద్రం మీదుగా దారం పరిచి చూపిస్తే, అంత దూరం నుంచి యుద్ధం నడపడం ఎంత కష్టమో పిల్లలే మాట్లాడుకుంటారు. బోస్టన్ రేవులో 1773లో నీళ్లలో పారబోసిన తేయాకు ఈస్టిండియా కంపెనీదనీ, యార్క్‌టౌన్‌లో 1781లో ఓడిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా భారతదేశానికి వచ్చాడనీ పెట్టెలో ఎక్కడా లేదు. తెలుగు పిల్లలకు నేను తప్పక చెప్పే సంగతులివి.

కాలరేఖ మాత్రం నాసిరకం. మడతల దగ్గర త్వరగా చిరిగింది. 1780లో చార్లెస్టన్ పతనం వంటి దక్షిణాది ఘట్టాలకు అందులో చోటే లేదు.

అంతకన్నా పెద్ద లోటు బానిసల విషయంలో కనిపిస్తుంది. కార్న్‌వాలిస్ శిబిరంలో గూఢచారిగా పనిచేసిన జేమ్స్ అనే బానిస కార్డు అతని సాహసంతోనే ముగుస్తుంది. సైనికులుగా పోరాడిన బానిసలకు 1783లో వర్జీనియా చేసిన విముక్తి చట్టం గూఢచారులకు వర్తించక, అతడు అర్జీలు పెట్టుకుని 1787లో గానీ స్వేచ్ఛ పొందలేదు. దీన్ని నేను కార్డు వెనుక చేత్తో రాసి పెట్టుకున్నాను. యజమానులను వదిలి తమవైపు వచ్చి పోరాడేవారికి స్వేచ్ఛ ఇస్తామని 1775లో బ్రిటిష్ గవర్నర్ డన్‌మోర్ చేసిన ప్రకటనకూ ఒక కార్డు తయారుచేశాను. ఇప్పుడు పిల్లలు అన్నిటికంటే ఎక్కువసేపు వాదించుకునేది దాని మీదే. కొత్త ముద్రణలో తయారీదారులు ఈ రెండింటినీ చేర్చాలి.