ఒక్క బ్లాక్ మారిస్తే నలభై పేజీలు మారాయి: వర్డ్‌ప్రెస్ బ్లాకులతో నా అనుభవం

వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. 2018 డిసెంబర్‌లో దాని 5.0 వెర్షన్‌తో, పేజీని పేరా, బొమ్మ లాంటి విడి ముక్కలుగా (బ్లాకులుగా) కూర్చే బ్లాక్ ఎడిటర్ వచ్చినప్పుడు చాలామందిలాగే నేనూ విసుక్కుని పాత ఎడిటర్‌ను తిరిగి తెచ్చే క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు జోడించే చిన్న ప్రోగ్రామ్) వేసుకున్నాను. ఏడాది తిరక్కుండానే తీసేశాను. అప్పటినుంచి మూడు సైట్లు బ్లాకులతోనే నడుపుతున్నాను.

పేరా, బొమ్మ, బటన్ లాంటివాటి సెట్టింగుల గురించి చెప్పేదేం లేదు, ఒక పూటలో చేతికొచ్చేస్తాయి. అసలు కథంతా ఒకే బ్లాకును పలుచోట్ల వాడటంలో ఉంది. ఒకసారి ఒక పేజీ అడుగున ఉన్న నోటీసు పెట్టెలో ‘ఈ వారం సెలవు’ అని చేర్చి అప్‌డేట్ నొక్కాను. అది రీయూజబుల్ బ్లాక్, అంటే ఒకచోట మారిస్తే వాడిన ప్రతిచోటా మారే బ్లాక్ అన్న సంగతే మర్చిపోయాను. సాయంత్రం చూసుకుంటే నలభై పేజీల్లో సెలవు ప్రకటించేసి ఉన్నాను! తప్పు నాదే. సేవ్ చేసేటప్పుడు పక్కన వచ్చే ప్యానెల్‌లో ఆ బ్లాక్ పేరు కూడా కనిపిస్తుంది, చదివితే కదా.

2023 ఆగస్టులో 6.3 వెర్షన్ వచ్చాక ఈ రీయూజబుల్ బ్లాకుల పేరు సింక్డ్ ప్యాటర్న్‌లుగా మారింది. ఇప్పుడు ప్యాటర్న్ తయారుచేసేటప్పుడే సింక్ ఉండాలా వద్దా అని అడుగుతుంది. సింక్ పెడితే ఒకచోట మార్చింది అన్నిచోట్లా మారుతుంది. పెట్టకపోతే ప్రతి పేజీలో పడేది విడి కాపీ. ఏదో ఒక పేజీలో మాత్రమే వేరుగా కావాలంటే డిటాచ్ కొట్టి దాన్ని విడదీయాలి, కానీ ఆ తర్వాత ఆ పేజీని మీరే గుర్తుపెట్టుకోవాలి. 2024 జులైలో 6.6తో వచ్చిన ఓవర్‌రైడ్స్ ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చాయి. డిజైన్ అంతటా ఒకటే, శీర్షిక, బొమ్మ, బటన్ మాట మాత్రం ఏ పేజీకి ఆ పేజీ. నాకు బాగా పనికొచ్చింది ఇదే.

లాక్ మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మూడు చుక్కల మెనూలో లాక్ నొక్కితే బ్లాకును జరపకుండా, తీసేయకుండా ఆపుతుంది. లోపలి అక్షరాలను ఎవరైనా మార్చేయొచ్చు. పైగా మామూలుగా ఆ పేజీని మార్చగలిగే ఎవరైనా ఆ లాక్‌ను తీసేయగలరు. కొన్ని బ్లాకులను కలిపి ఉంచే గ్రూపు లోపల ఇంకో గ్రూపు పెట్టేసి ఏది ఎక్కడుందో తెలియనప్పుడు షిఫ్ట్, ఆల్ట్, ఓ కలిపి నొక్కండి. పేజీలోని బ్లాకులన్నీ వరసగా చూపే లిస్ట్ వ్యూ తెరుచుకుంటుంది. మౌస్‌తో వెతుకుతూ నేను పాడుచేసుకున్న గంటలు నాకే తెలుసు.

ఇక ప్లగిన్లు తెచ్చే బ్లాకులు. వీటితోనే నాకు పడదు. కొన్ని బ్లాకులు పేజీలో పూర్తి హెచ్‌టీఎంఎల్‌గా (వెబ్ పేజీ రాసే కోడ్‌గా) సేవ్ అవుతాయి, ప్లగిన్ తీసేసినా విషయం మిగులుతుంది. కొన్ని మాత్రం కోడ్‌లో పాఠకులకు కనిపించని ఒక కామెంట్ పంక్తిగానే సేవ్ అయి, పేజీ తెరిచినప్పుడు సర్వర్ దగ్గర తయారవుతాయి. ప్లగిన్ పోతే ఆ చోటంతా ఖాళీ. ఒక చిన్న ప్లగిన్ ఆపేశాక నా ధరల పట్టిక అలాగే మాయమైంది. ఇప్పుడు కొత్త ప్లగిన్ బ్లాక్ ఏదైనా ముందు ఒక డ్రాఫ్టులో పెట్టి, పేజీ వెనకున్న కోడ్‌ను చూపే కోడ్ ఎడిటర్‌కు మారి చూస్తాను. అక్కడ నా అక్షరాలు కనిపిస్తేనే అసలు పేజీలోకి తెస్తాను.