పాత ప్రావిన్సులా, కొత్త రీజియన్లా?

క్లబ్బుల పైన ప్రాంతీయ రగ్బీ జట్లు నిలబెట్టడానికి ఐర్లాండ్‌ది ఒక దారి, వేల్స్‌ది ఇంకో దారి. నా ఓటు ఐర్లాండ్‌కే.

అక్కడ మన్‌స్టర్, లెన్‌స్టర్, అల్‌స్టర్, కానాక్ట్ అనే నాలుగు ప్రావిన్సులవి తరతరాల పేర్లు, జట్లవీ అవే పేర్లు. 1978 అక్టోబర్ 31న లిమరిక్‌లోని థామండ్ పార్క్‌లో మన్‌స్టర్ 12-0తో న్యూజిలాండ్‌ను ఓడించింది. ప్రొఫెషనల్ రగ్బీ ఇంకా రానేలేదు. అయినా జనానికి అది అప్పటికే మన జట్టు.

వేల్స్ 2003లో ఐదు రీజియన్లు, అంటే కొత్త ప్రాంతీయ జట్లు, చేసింది. డబ్బు, ఆటగాళ్లు ఒకచోట చేరతారన్న లెక్క తప్పేమీ కాదు. నీత్, స్వాన్సీ క్లబ్బులు కలిసిన ఆస్ప్రీస్ నాలుగుసార్లు లీగ్ గెలిచింది. కానీ పాంటిప్రిడ్, బ్రిడ్జెండ్‌లను కలిపిన కెల్టిక్ వారియర్స్‌ను ఒక్క సీజన్‌కే మూసేశారు. చిన్నప్పటి నుంచి పాంటిప్రిడ్ జెర్సీ వేసుకున్నవాడు రాత్రికి రాత్రి ఎవరి కోసం గొంతు చించుకోవాలి?